మునిలక్ష్మి చెప్పిన ప్యాలెస్

మీరు మునిలక్ష్మిని కలవాల్సిందే! బెంగళూరు వస్తే లాల్‌బాగ్, విధానసౌధ, మాల్‌లు ఎటూ చూస్తారు, అవెక్కడికీ పోవు. ముందు శ్రీరామపురం రండి. పూలంగడి పక్క సందులోకి తిరిగితే ఆకుపచ్చ గేటున్న ఇల్లు కనిపిస్తుంది. ఆ వరండాలో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒళ్ళో పట్టుచీరల కొంగులు పరుచుకుని కుచ్చులు కడుతుంటారు. వాళ్ళలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చేతులు చీర మీదా చూపు ఇంకెక్కడో పెట్టి, ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయి మాట్లాడుతున్న మనిషే మునిలక్ష్మి.

ఆ వరండాకి ఒక పద్ధతుంది. చిక్కపేట అంగళ్ళ నుంచి వచ్చే చీరలకి కొంగు చివర దారాలు ముడేసి కుచ్చులు కట్టడమంటే చేతులకి ఎడతెగని పని, నోటికి మాత్రం సెలవు. అందుకని పని జరిగినంతసేపూ ఒకరు కథ చెప్పాలి. కథ చెప్పే ఆమెకి కిటికీ పక్క కుర్చీ, దాంతోపాటు కిటికీలోంచి వచ్చే వెలుతురు. అంతేకాదు, ఆమె సూదిలో దారం ఆమె ఎక్కించుకోనక్కర్లేదు, మిగతావాళ్ళు వంతులేసుకుని ఎక్కించి అందిస్తారు. సూది బెజ్జం ఒకటికి రెండుగా కనిపించే వయసుకి వచ్చిన మునిలక్ష్మికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఆ కుర్చీ పోతే పని సగానికి పడిపోతుందని ఆమెకి బాగా తెలుసు. అందుకే ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరికీ వదల్లేదు.

ఆమె చెప్పే కథలన్నీ ప్యాలెస్ కథలే. వసంతనగర్ దగ్గర గోపురాలతో, తీగలల్లుకున్న గోడలతో ఉంటుందే, ఆ ప్యాలెస్. మునిలక్ష్మి దాన్ని చూసింది మాత్రం బస్సు కిటికీలోంచే. లోపలి సంగతులన్నీ భర్త కృష్ణప్ప చెప్పినవి. కృష్ణప్ప టూరిస్టు బండి నడుపుతాడు, వారంలో ఎన్నిసార్లు ప్యాలెస్‌కి పోతాడో అతనికే లెక్క తెలీదు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింటి గడప మీద కూర్చుని చెప్తాడు. మర్నాడు మునిలక్ష్మి అదే కథకి ఇంకో రెండు గజాలు కలిపి వరండాలో చెప్తుంది. ముందు నీలం పలకల అరుగులున్న ముంగిలి. తర్వాత డాన్సు హాలు. తర్వాత గోడల నిండా ఫోటోలు. తర్వాత రంగురంగుల అద్దాల దర్బారు. అన్నిటికన్నా చివర పెద్ద మెట్లు. దర్బారు అయిపోయాక ఇక మెట్లెందుకని ఎవరూ అడగలేదు. రాజుల ఇళ్ళు ఎట్లా కట్టుకుంటారో మనకేం తెలుసు!

అడిగే మనిషి ఒకామె ఉంది. సరోజమ్మ. సందు చివరి ఇంట్లో ఉంటుంది, కుచ్చులు కట్టడంలో చెయ్యి ఎంత చురుకో నోరు అంతకన్నా చురుకు. ఒకప్పుడు ఆమె కూడా కుర్చీ కోసం టీవీ సీరియళ్ళ కథలు చెప్పి చూసింది. కానీ ఆ సీరియళ్ళు అందరూ చూసినవే, ఆమె నోరు తెరవకముందే అత్త ఎవరికి విషం పెట్టిందో అందరూ చెప్పేసేవాళ్ళు. ఆ కడుపుమంట అలాగే ఉంది.

ఒకరోజు మమత కాలేజీ నుంచి వచ్చి, ఫ్రెండ్ పెళ్ళికి ముందు ప్యాలెస్‌లో తీయించుకున్న ఫోటోలు ఫోన్‌లో చూపించింది. మమత పక్కింటి పిల్ల, సెలవురోజుల్లో తనూ కుచ్చులు కడుతుంది. సరోజమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని ఫోన్ లాక్కుంది.

"ఇదేందే మునిలచ్మీ, పిల్ల ముందు మెట్ల మీద నిలబడుకోని ఉండాది, ఆమీదట కదా దర్బారులో ఉండాది! నువ్వు మెట్లు చివర్లో అంటివే?"

"ఫోటోలు ముందూ వెనకా అయింటాయిలే అక్కా."

"ఫోటోలు ఎందుకు ముందూ వెనకా అవుతాయి? నీ కత అయ్యుంటాది." సరోజమ్మ దారం పళ్ళతో తెంపింది. "ఒక పని చేద్దాం. ఆదివారం అందరం పోదాం. నువ్వే ముందు నడిచి చూపించు. చెప్పింది చెప్పినట్టుంటే ఆ కుర్చీ నీది, నేనింక నోరెత్తను. లేదంటే కుర్చీ నాది."

"రా పోదాం," అంది మునిలక్ష్మి వెంటనే. కృష్ణప్ప చెప్పిన మాటలో తప్పుంటుందని ఆమెకి అనుమానమే రాలేదు. కానీ ఆ సాయంత్రం కృష్ణప్పకి ఈ మాట చెప్పగానే కాఫీ మింగుడు పడక దగ్గాడు.

"ఆదివారమా? బుకింగ్ ఉండాది."

"ఎవురిది?"

"ఎవురిదో ఒకరిది ఉంటాది గదా."

"ఏమయ్యా, వారమంతా ఊళ్ళోవాళ్ళని తిప్పుతావు, కట్టుకున్నదాన్ని ఒక్కపూట తిప్పలేవా?"

కృష్ణప్ప కాఫీ గ్లాసు కింద పెట్టి, "సరే, పోదాంలే" అన్నాడు.

ఆదివారం ఇన్నోవా నిండా ఆడవాళ్ళు. మునిలక్ష్మి మావిడిపిందెల చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఎప్పుడూ పాటలు పెట్టి స్టీరింగ్ మీద వేళ్ళతో దరువేసే కృష్ణప్ప ఆ రోజు పెళ్ళిచూపులకి పోతున్నవాడిలా బిగుసుకుపోయాడు. ప్యాలెస్ పార్కింగ్‌లో బండి ఆపగానే తోటి డ్రైవర్లు చెయ్యెత్తారు. "ఏం కృష్ణప్పా, ఈపొద్దు ఫ్యామిలీ ప్యాకేజా?"

కృష్ణప్ప నవ్వి, సీట్లో ఇంకాస్త కిందికి జారాడు. "మీరు పోయి రాండి. నేను బండి కాడ ఉంటా."

"మామా, నీక్కూడా టికెట్ తీసేసినా," అంది మమత ఫోన్ ఊపుతూ. "ఇంతమంది డ్రైవర్లుండారు, నీ బండిని ఎవురెత్తుకుపోతారు?"

"వాళ్ళెవురూ లోపలికి పోరు గదా మమతా. డ్రైవరన్నోడు బండి కాడ ఉండాల. పార్టీ ఎప్పుడు ఫోన్ చేస్తాదో తెలీదు."

"పార్టీ నేనే," అంది మునిలక్ష్మి కిందికి దిగుతూ. "ఫోన్ చెయ్యను. రా."

లోపలికి పోయేముందు మునిలక్ష్మి గొంతు సవరించుకుంది. గుమ్మం ముందు ఆగి, వెనక్కి తిరిగి, గుడిలో పూజారి తెర తీసే ముందు నిలబడినట్టు నిలబడింది. మమత చెవులకి అక్కడ ఇచ్చే ఆడియో గైడ్ తగిలించుకుంది. ఇక మొదలు.

"ఇప్పుడు చూడండి. ఎదురుగా నీలం పలకల అరుగులు."

లోపలికి పోతే ఎదురుగా మెట్లు. చెక్కడపు పనితో, గోడల మీద పటాలతో, తీరుగా పైకి పోతున్న పెద్ద మెట్లు.

సరోజమ్మ మెట్లనీ చూసింది, మునిలక్ష్మినీ చూసింది. "అరుగులకి కాళ్ళొచ్చి పైకి పోతాండాయే."

వెనకున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. మునిలక్ష్మి తొణకలేదు. "మెట్లు ఎక్కినాక డాన్సు హాలు," అంటూ ముందుకి నడిచింది. ఎక్కారు. పైన రంగురంగుల అద్దాల్లోంచి ఎండ నేల మీద పడి, ఎర్రగా పచ్చగా చిందరవందరగా పరుచుకుని ఉంది. కప్పు మీద ఖాళీ అన్నది లేదు, ఎక్కడ చూసినా నగిషీ పనే.

"అత్తా," అంది మమత నెమ్మదిగా, ఒక చెవి తెరిచి. "ఇది దర్బార్ హాల్ అంట."

సరోజమ్మకి ఇంకేం కావాలి? "ఏమే, మీ రాజు చివర్లో గదా కూర్చునేది? ఈ రాజుకి ఇంత తొందరేంది? మీ ఆయన చూసొచ్చిన ప్యాలెస్ ఇంకో ఊళ్ళో ఏమైనా ఉండాదేమో అడుగు!"

మునిలక్ష్మి చెవులు వేడెక్కాయి. ఒక్కసారిగా కిటికీ పక్క కుర్చీ కళ్ళముందు కదిలింది. అందులో సరోజమ్మ కూర్చుని, చెయ్యి చాచి, దారం ఎక్కించిన సూది కోసం వేళ్ళు ఆడిస్తున్నట్టు కూడా కనిపించింది. ఏదో ఒకటి చెప్పు అన్నట్టు ఆమె కృష్ణప్ప వైపు తిరిగింది.

అందరూ అద్దాలు చూస్తున్నారు. ఆమె కృష్ణప్పని చూసింది.

అతను హాలు మధ్యలో నిలబడి, మెడ వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, ఉన్నచోటనే మెల్లగా చుట్టూ తిరుగుతున్నాడు. చొక్కా మీద ఎర్ర వెలుగు, చెవి మీద పచ్చ వెలుగు. పెళ్ళైన కొత్తలో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకి తీసుకుపోయినప్పుడు ఆమె అతని ముఖంలో ఈ వింతపాటు చూసింది. "అబ్బా," అన్నాడతను, ఎవరితోనూ కాదు, తనలో తానే.

ఇన్నేళ్ళుగా చూస్తున్నవాడు "అబ్బా" అంటాడా?

మునిలక్ష్మికి అప్పుడు తట్టింది. ఒకటి రెండుసార్లు వేరే ఊళ్ళ టూర్‌లకి ఆమె కూడా బండిలో పోయింది. పార్టీ లోపలికి పోయి తిరిగొచ్చినప్పుడు కృష్ణప్ప డోరు తెరిచి పట్టుకుని ఏమంటాడో ఆమెకి తెలుసు. "ఎట్లుండాది సార్? ఏమేం చూస్తిరి?" అంటాడు. సీట్లో కూర్చోగానే వాళ్ళు చెప్తారు. కానీ ఎక్కడినుంచి చెప్తారు? కళ్ళలో ఇంకా ఆరని దాని నుంచే. అంటే చివర చూసిందే ముందు. ఆ ముంగిలి ఎంత చల్లగా ఉందో అని మొదలుపెట్టి, డాన్సు హాలు మీదుగా వెనక్కి పోయి, చివరికి "అబ్బో, మొదట్లో ఆ మెట్లెక్కలేక చచ్చాం" దగ్గర ఆపుతారు. కృష్ణప్ప అదంతా ఆ వరసలోనే మూట కట్టుకుని ఇంటికి తెచ్చాడు. ప్యాలెస్ మొత్తం అతని బుర్రలో పార్కింగ్ వైపు నుంచే కట్టుకుంది. ఈ మెట్లు అతను ఈరోజు తప్ప ఎక్కలేదు.

ఇన్నేళ్ళు! గడప మీద కూర్చుని చేతులు తిప్పుతూ చెప్పిన మాటలన్నీ ఊళ్ళోవాళ్ళవా?

ఈలోగా సరోజమ్మ అటే తిరిగింది. "ఏమప్పా కృష్ణప్ప, నువ్వే చెప్పు. ఎందుకిట్ల తలకిందులైంది?"

కృష్ణప్ప ఉలిక్కిపడి భార్యని చూశాడు. వన్‌వేలో ఎదురొచ్చి ట్రాఫిక్ పోలీసుకి దొరికినవాడి చూపు అది.

"ఆయన్నేం అడుగుతావు సరోజక్కా?" అంది మునిలక్ష్మి, భర్త మీది కోపాన్ని సరోజమ్మ మీదకే మళ్ళించి. "ఆయన సరిగ్గానే చెప్పినాడు. నేనే తిరగేసి చెప్పినా."

"తిరగేసినావా? ఎందుకు?"

"మరి దర్బారు ముందే చెప్పేస్తే మీరు కూర్చుంటారా? సగం కుచ్చుకే చీర పక్కన పెట్టి, కుక్కరు పెట్టుకోవాలని లేచి పోతారు. మంచిది చివర్లో పెట్టకుంటే కత ఎవురు వింటారు? నీ సీరియల్‌వాళ్ళు ఏం చేస్తారు?"

సీరియల్ మాట దగ్గర సరోజమ్మ దొరికిపోయింది.

"నమ్మకం లేకుంటే చూస్కో. ఇప్పుడు గోడల నిండా ఫోటోలొస్తాయి."

వచ్చాయి. వేటకి పోయిన రాజులు, గుర్రాలు, తెల్లదొరలు. "దీని తర్వాత డాన్సు హాలు." అదీ వచ్చింది. ఇక మునిలక్ష్మికి పట్టపగ్గాలు లేవు. తను చెప్పిన కథనే చివరనుంచి మొదటికి లాగుతూ, తలుపు తలుపు దగ్గరా ముందే చెప్పేస్తూ నడిచింది. ఏనుగు కాలితో చేసిన స్టూలు దగ్గర మమత "ఛీ, పాపం" అని ముఖం తిప్పుకుంది. ఎవరో కడపవాళ్ళట, పిల్లల్ని వేసుకుని వచ్చారు, తెలుగు వినబడగానే ఈ గుంపు వెనకే తోకలా తగులుకున్నారు.

కృష్ణప్ప పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "మునీ..."

"నడువు," అంది ఆమె పెదవులు కదలకుండా. "మొదటిసారి చూస్తాండావు గదా, బాగా చూడు."

అతను బాగానే చూశాడు. ప్రతి తలుపూ తడిమి, ప్రతి కిటికీలోంచీ తొంగి మరీ చూశాడు.

చివరికి కిందికి దిగితే ముంగిలి. చుట్టూ స్తంభాల నడవ, మధ్యలో ఆకాశం, అక్కడక్కడా నీలం పలకలు పొదిగిన అరుగులు. మునిలక్ష్మి వాటిలో ఒకదాని మీద కూర్చుని చీర సర్దుకుంది. గెలిచినట్టే!

సరోజమ్మ కూడా కూర్చుంది. మోకాళ్ళు రుద్దుకుంది. "సరే, ఒప్పుకుంటా. అన్నీ ఉండాయి. ఉయ్యాల యాడుండాది?"

అందరి కళ్ళూ ముంగిలంతా వెతికాయి. ఎందుకంటే వరండాలో అందరికీ ఇష్టమైన కథ ఆ ఉయ్యాల కథే. రాణికి రాజు మీద అలక. ఈ ముంగిట్లోనే నల్లచేవ చెక్కతో చేసిన ఉయ్యాల మీద కూర్చుంటుంది. దాని గొలుసులకి నూనె వెయ్యకూడదని ఆమె ఆజ్ఞ. ఉయ్యాల కిర్రుమన్నంతసేపూ రాజు లోపలికి రాకూడదు. ఒకరోజు మధ్యాహ్నం కిర్రు ఆగింది. రాణి కోపం పోయిందని రాజు పరుగున వచ్చి చూస్తే, ఆమె కూర్చున్నచోటనే కునుకు తీస్తోంది. రాజు చప్పుడు చెయ్యకుండా నేల మీద కూర్చుని, కాలి బొటనవేలితో ఉయ్యాల్ని మెల్లగా ఊపుతూ, కిర్రు వినబడకుండా గొలుసు చేత్తో పట్టుకుని, సాయంత్రం దాకా అట్లాగే ఉన్నాడు. ఇక్కడికి వచ్చేసరికి వరండాలో సూదులన్నీ ఆగిపోయేవి. సరోజమ్మది కూడా.

"ఇందులో ఉయ్యాల మాట లేదత్తా," అంది మమత ఆడియో గైడ్ తీసేస్తూ.

అటుగా పోతున్న గార్డుని సరోజమ్మ ఆపింది. చొక్కా మీద దేవరాజ్ అని పేరుంది, అడిగితే హొసకోటె వైపువాడట, తెలుగొచ్చు. "ఉయ్యాలా? నేనుండంగా ఈడ చూళ్ళేదమ్మా," అన్నాడతను, పోయాడు.

ఆ ఉయ్యాల కథ కృష్ణప్ప ఏ రోజు చెప్పాడో మునిలక్ష్మికి గుర్తొచ్చింది. ఆమె తమ్ముడి గృహప్రవేశానికి తీసుకుపోతానని మాటిచ్చి, బండి వేసుకుని ఊటీకి పోయాడు ఆయన. తిరిగొచ్చాక ఆమె మాట్లాడలేదు. గిన్నెలతోనే జవాబు చెప్పింది. అతను గడప మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే, "ప్యాలెస్‌లో ఒక ఉయ్యాల ఉండాది మునీ" అని మొదలుపెట్టాడు. అంటే ఈ ఒక్క కథ ఏ టూరిస్టూ చెప్పింది కాదు.

"అదో!" అన్నాడు కృష్ణప్ప హఠాత్తుగా. అందరూ తలెత్తారు. నడవ కప్పుకి ఒక ఇనప కొక్కీ ఉంది. "అదుండాదే, ఆ కొక్కీ. ఉయ్యాల దానికే వేలాడేది. ముందు ఉండె, తీసేసినారు. నేను కళ్ళారా చూసినా."

అతని గొంతులో తడబాటు లేదు. ఆమె కుర్చీ పోకూడదని అతనికి అంత ఆరాటం. కడపవాళ్ళ పిల్లలు ఆ కొక్కీ వైపు వేలు చూపించుకుంటున్నారు. సరోజమ్మ కూడా పైకి చూస్తూ, "తీసేసినారా? అట్లయితే సరే" అనబోతోంది. మునిలక్ష్మి ఊరికే ఉంటే చాలు. తలూపక్కర్లేదు కూడా.

ఆమె కొక్కీని చూసింది. పక్కన అలాంటివే ఇంకో రెండు ఉన్నాయి, వాటికి లాంతర్లు వేలాడుతున్నాయి. తనకోసం కట్టిన ఉయ్యాల్ని తీసుకొచ్చి ఒక లాంతరు కొక్కీకి తగిలించడమా?

"లేదక్కా," అంది. "ఈ ప్యాలెస్‌లో ఉయ్యాల లేదు. ఎప్పుడూ లేదు."

"ఆయన చూసినానంటాండాడు?"

"ఆయన నన్ను కాయాలని సుమ్నే, ఊరికే అంటాండాడు. ఆ ఉయ్యాల ఈడిది కాదు, మా ఇంటిది. నేను తెచ్చి ఈడ పెట్టినా. కుర్చీ నువ్వే తీస్కో."

కృష్ణప్ప ఆమె వైపు చూసి, అరుగు మీద ఆమె పక్కన కాస్త ఎడంగా కూర్చున్నాడు. బండి తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతూ ఉండిపోయాడు. తిరుగు ప్రయాణంలో పాటలు పెట్టింది మమతే.

సోమవారం సరోజమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చెయ్యి చాచి, ఎక్కించిన సూది అందుకుని ప్యాలెస్ కథ చెప్పింది. ముందు మెట్లు, తర్వాత దర్బారు, తర్వాత ఫోటోలు. అంతా వరసగా, అంతా నిజంగా. కాసేపటికి ఒకామె ఆవలించింది, ఇంకొకామె కుక్కరు గుర్తొచ్చి లేచి పోయింది. మునిలక్ష్మి చాప మీద, తలుపు దగ్గర మసక వెలుతురులో, దారాన్ని నాలుకతో తడిపి సూది బెజ్జంలోకి మళ్ళీ మళ్ళీ గురిచూస్తూ ఉంది. గురి తప్పుతూనే ఉంది.

"అత్తా," అంది మమత. "ఆ ఉయ్యాల కత చెప్పవా?"

"ఇప్పుడు చెప్పే పని నాది కాదు."

"చెప్పవే తల్లీ," అంది సరోజమ్మ కుర్చీలోంచే, చీర మీంచి తలెత్తకుండా. "నా కతకి నాకే నిద్రొస్తాండాది. కత నువ్వు చెప్పు. కుర్చీ మాత్రం నాదే, ముందే చెప్తాండా!"

అందరూ నవ్వారు, మునిలక్ష్మి కూడా. కుర్చీ ఆమెకి తిరిగి రాలేదు, ఇంకా సరోజమ్మదే. మునిలక్ష్మి తలుపు దగ్గర చాప మీద కూర్చుని, దారం తనే ఎక్కించుకుంటూ, తక్కువ చీరలు కడుతూ, ఎక్కువ కథలు చెప్తోంది.

ఆ సోమవారం సాయంత్రం కృష్ణప్ప ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. అలవాటుగా గడప మీద కూర్చోబోయి, ఆగి, మళ్ళీ కూర్చున్నాడు. కాసేపు పొయ్యి మీది పులుసుని చూశాడు. తర్వాత భయం భయంగా మొదలుపెట్టాడు. "ఈపొద్దు పార్టీని నందిబెట్ట కొండకి తీస్కపోయింటి మునీ. పైన మబ్బులు ఎట్లుండాయంటే..." అని, ఆమె ముఖం చూసి అక్కడే ఆగిపోయాడు.

మునిలక్ష్మి గరిటె పట్టుకుని అతని వైపు తిరిగింది. అడగాల్సినవి చాలానే ఉన్నాయి, ఒక్కటడిగితే చాలు, మిగతావన్నీ వెనకే వస్తాయి. ఆమె మంట తగ్గించి, గడపకి ఇవతల తనూ కూర్చుంది.

"ఊ, చెప్పు," అంది. "చివర్నుంచే చెప్పు, అట్లే బాగుంటాది."

మీరు చెప్పండి, ఆమె చోట మీరుంటే ఏం చేసేవాళ్ళు? ఊ కొట్టేవాళ్ళా, లేక ముందు "నువ్వు బండి దిగినావా?" అని అడిగేవాళ్ళా?